తంబాకు డబ్బీల కోర్టు

మొన్న ఖబరస్తాన్ గేటు దగ్గర ఫ్లెక్సీ చూసి నాకు ఒళ్లు మండిపోయింది. కింద మూలన గోరీలు తవ్విన ముసలాయన ఫొటో, అరచేయంత. పైన మా కమిటీకి అధ్యక్షుడైన సదర్ సాబ్ ఫొటో, తలుపంత. "ప్రథమ వర్ధంతి సందర్భంగా మా ప్రియతమ సేవకుడికి అశ్రునివాళి" అని రాయించాడు. గేటు పక్కనున్న వేపచెట్టుకు నాలుగు మేకులు దిగ్గొట్టి దాన్ని తగిలించారు. ఆ వేపను పెంచింది ముసలాయనే. బతికున్నన్నాళ్లూ ఆయన దాని ఒంటికి బట్టలారేసే తాడు కూడా కట్టనివ్వలేదు.

వయసు మీద పడితే కోపాలు తగ్గుతాయంటారు. నాకు అరవై దాటాయి, తగ్గలేదు. డెబ్బై దాటిన ముసలాయనకూ తగ్గలేదు. మా స్నేహం నిలబడిందే దాని మీద. ఆయన పోయాక ఆయన కోపం కూడా నా వాటాకే వచ్చింది. నేనిప్పుడు ఇద్దరి కోపం మోస్తున్నాను.

మాది కరీంనగర్ నుంచి హుస్నాబాద్ పోయే దారిలో ఒక చిన్న ఊరు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా పెరటి గోడ అవతలే ఖబరస్తాన్. మా అమ్మీ అక్కడే ఉంది. ముసలాయన అందులో గోరీలు తవ్వేవాడు. నేను చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు. మాటలు ఉర్దూలో మొదలుపెట్టి రెండో నిమిషానికి తెలుగులోకి దిగేవాళ్లం. తిట్టాలంటే తెలుగే బాగుంటుందని ఆయన అభిప్రాయం. ఆయన ఎప్పుడూ ఎవరినో ఒకర్ని తిడుతూనే ఉండేవాడు కాబట్టి మా మధ్య తెలుగే నడిచింది.

పొట్టి మనిషి. పార మోసీ మోసీ కుడి భుజం కిందికి జారిపోయింది. నడిచేటప్పుడు చూపు నేల మీదే. చీమల బారు అడ్డమొస్తే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి, పక్కకు దూకేవాడు. గోరీ తవ్వడానికి ముందు పార కర్రతో నేల మీద మూడుసార్లు కొట్టి, దూరంగా పోయి కూర్చుని బీడీ ముట్టించేవాడు. అవతల శవంతో జనాజా బయలుదేరిందని కబురొచ్చినా సరే, బీడీ అయిపోయేదాకా లేచేవాడు కాదు.

"ఏంది చాచా, టైమైతుంది" అన్నానొకసారి.

"నోటీస్ ఇచ్చిన సారూ. కింద ఉడుముంటది, పాముంటది, జెర్రి ఉంటది. సామాను సర్దుకోవద్దా? నిన్ను నిలబడ్డ పాటున ఇల్లు ఖాళీ జెయ్యమంటే జేస్తవా?"

అందరూ పైన గడ్డి చెక్కి అవతల పారేసి తవ్వుతారు. ఆయన పారేసేవాడు కాదు. గడ్డిని వేర్లతో, మన్నుతో సహా పలకలు పలకలుగా పారతో లేపి, కానుగ నీడలో వరసగా పేర్చి, పైన తడిగోనె కప్పేవాడు. మనిషిని పెట్టి మన్ను పోసి, అందరూ దువా చేసి వెళ్లిపోయాక, ఆ పలకలు తెచ్చి ఏది ఎక్కడిదో అక్కడే పరిచేవాడు. చేత్తో తట్టి, చెంబుతో నీళ్లు చల్లేవాడు. నెల తిరిగేసరికి ఆ వేర్లు మన్నును గట్టిగా పట్టుకునేవి. ఎంత వాన పడ్డా ఆయన పెట్టిన గోరీ కుంగేది కాదు.

"దుప్పటి సారూ. పండవెట్టినంక కప్పాలె గద" అనేవాడు.

వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయని నేను బోర్డు మీద ఎన్నేళ్లు రాశానో. పట్టి ఉంచడమంటే ఏమిటో మాత్రం చాచా దగ్గరే చూశాను.

మా చుట్టూ పత్తి చేన్లు, మక్క చేన్లు. గడ్డిమందు కొట్టీ కొట్టీ గట్ల మీద కూడా ఆకు లేకుండా చేశారు. ఊరు వెళ్లగొట్టినవన్నీ వచ్చి ఖబరస్తాన్‌లో తలదాచుకున్నాయి. తుమ్మి, ఉత్తరేణి, నేల ఉసిరి, నల్లేరు, గోడ పొడుగునా సీతాఫలాలు. ముంగిసలు పిల్లల్ని వెంటేసుకుని గోరీల మధ్య తిరిగేవి. తొలకరి పడగానే ఎర్ర మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు నేలంతా పాకేవి. ఏడో తరగతి పిల్లల్ని తీసుకుపోయి చూపించేవాణ్ణి. చాచా వాళ్లను గేటు దగ్గర నిలబెట్టి చెప్పులు విప్పించి మరీ లోపలికి పంపేవాడు.

బతుకమ్మ పండుగకు ఊళ్లో గునుగు పువ్వు దొరికే జాగా అదొక్కటే. ఆడవాళ్లు గోడ అవతల నిలబడి కేకేసేవాళ్లు. చాచా కొడవలితో కోసి కట్టలు కట్టి అందించేవాడు, ఊరికే కాదు, సతాయించి సతాయించి.

"ఏమే అక్కా, గోరీల మీది పువ్వు మీ బతుకమ్మకు నడుస్తదా?"

"నడువక ఏడికి వోతది. నీ లెక్క నోరున్నదా దానికి? జర పొడుగుయి జూసి ఇయ్యి."

దసరా రోజు పాలపిట్టను చూడాలి కదా, అది కూడా ఖబరస్తాన్‌లోని తుమ్మ చెట్టు మీదనే కనిపించేది. సగం ఊరు కొత్తబట్టలతో వచ్చి గోడ మీదుగా తొంగి చూసేది. చాచా లోపల చేతులు వెనక్కి కట్టుకుని, పిట్టను తానే పిలిపించినట్టు తిరుగుతుండేవాడు.

ఇక డబ్బీల సంగతి చెప్పాలి. గేటు పక్క రేకుల షెడ్డులో, చెక్కపెట్టెలో ఆయన దగ్గర పాత తంబాకు డబ్బీలు చాలా ఉండేవి. తంబాకు అయిపోయాక వాటిలో విత్తనాలు దాచేవాడు. ఊళ్లో ఎవరు చనిపోయినా గడ్డి పలకలు పరిచాక డబ్బీల్లోంచి ఒకటి తీసి గోరీ మీద చిటికెడు చల్లేవాడు. ఎవరికి ఏ విత్తనమన్నది ఆయన తీర్పు. ఊళ్లో సగం మందికి పురుడు పోసిన దాయమ్మకు గునుగు వేశాడు. ఆమె గోరీ ఏటా వెండి రంగు పూలతో నిండిపోయేది. భార్యను కొట్టి కొట్టి చంపినంత పని చేసిన ఒకాయనకు పల్లేరు. దుకాణం బోర్డు కనబడటం లేదని వీధి వేపను నరికించిన ఇంకొకాయనకు దూలగొండి. దాని కాయల నూగు తగిలితే ఒళ్లంతా దురదే. ఆయన కొడుకులు జుమ్మా నమాజు అయ్యాక గోరీ దగ్గరికి వచ్చి, మోచేతుల దాకా గోక్కుంటూ ఇళ్లకు పోయేవాళ్లు. అది చూసి నేను గోడ ఇవతల నవ్వాపుకోలేక చచ్చాను.

"ఇది అన్యాయం చాచా" అన్నాను.

"గిది నా కోర్టు సారూ. గీడ అప్పీల్ లేదు."

మా సదర్ సాబ్‌కు గుట్టలు కోసి గ్రానైట్ అమ్మే వ్యాపారం. వాళ్ల అబ్బా చనిపోయినప్పుడు గోరీ మీద నల్లటి గ్రానైట్ పలకలు తెచ్చి పరిపించాడు, మొఖం చూసుకునేలా. గడ్డి పలకలు అప్పటికింకా కానుగ కిందే ఉన్నాయి. చాచా అడ్డం పోయాడు.

"రాయి కింద పురుగు గూడ బతకది సాబ్. గడ్డి కప్పుత. జర ఇనుండ్రి."

సదర్ సాబ్ అందరి ముందు అన్నాడు: "నువ్వు తవ్వేటోనివి. తవ్వుడు అయిపోయింది గద. నడువు."

చాచా నడిచాడు. తెల్లారి మా గోడ మీంచి చూస్తే, పండిన జువ్వి పండ్లను బొటనవేలితో రెండు పలకల మధ్య సందులోకి మెదుపుతున్నాడు. పైన చారెడు జొన్నలు చల్లాడు. పక్కన మట్టి మూకుడులో నీళ్లు పెట్టాడు. జొన్నలకు గోరింకలొస్తాయి, అవి ఇంకెక్కడో తిన్న జువ్వి గింజలు కూడా రెట్టతో అక్కడే వదిలేస్తాయి.

"ఏం జేస్తున్నవ్ చాచా?"

"తీర్పు రాస్తున్న. పెద్దాయనకు కాదు, రాయికి."

రెండో ఏడు వానల్లో మొలక లేచింది. మూడో ఏడుకు బొటనవేలంత లావయ్యింది, రాయి మూల వేలెడు పైకి లేచింది. సదర్ సాబ్ ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని పీకించడానికి వచ్చాడు. ఆ రోజు జుమ్మా, నమాజు అయ్యాక జనమంతా అక్కడే ఉన్నారు. చాచా చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా నిలబడ్డాడు.

"పీకుండ్రి సాబ్, నాదేం బోయింది. పచ్చగున్నది పచ్చగున్నంత సేపు అల్లాను తల్సుకుంటది, లోపలున్నాయనకు సల్లగుంటది అని పెద్దలంటరు. మీ అబ్బాకు గా సల్లదనం అక్కర లేదంటే పీకుండ్రి."

కూలీలు చేతులు వెనక్కి తీశారు. ఇమామ్ సాబ్ నెమ్మదిగా అన్నాడు: "పచ్చిది తియ్యరాదు. ఎండిందైతే తియ్యొచ్చు."

ఇమామ్ సాబ్ మంచి మనసుతోనే చెప్పాడు. సదర్ సాబ్ మాత్రం ఎండింది అన్న ఒక్క మాట చెవిలో వేసుకుని వెళ్లిపోయాడు.

షబే బరాత్‌కు అందరం పెద్దల గోరీల దగ్గరికి పోయి పూలు వేస్తాం. దానికి ముందు ఖబరస్తాన్ శుభ్రం చేయడం ఆనవాయితీ. ఆ ఏడు సదర్ సాబ్ ఒక కాగితం తిప్పాడు. "ఎండిన గడ్డి తొలగించుటకు కమిటీ తీర్మానం" అని ఉంది. నేను సంతకం పెట్టాను. ఏ గడ్డి ఎండింది, ఎట్లా ఎండుతుంది అని అడగలేదు. నిజం చెప్పాలంటే నాకూ అవసరం ఉంది. నస్పూర్‌లో ఉండే మా అన్న వచ్చినప్పుడల్లా అమ్మీ గోరీ కనబడకుండా గడ్డి పెరిగిందని నన్ను తిట్టేవాడు. శుభ్రం చేస్తామంటే ఎవరు కాదంటారు? జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, నేనే కాదనలేదు.

చాచా ఆ వారం ఆదిలాబాద్ అవతల బిడ్డ ఇంటికి పోయాడు. సదర్ సాబ్ ఆ వారమే చూసుకున్నాడు. పత్తి చేన్లకు కొట్టే పంపులు నాలుగు తెప్పించి, గేటు నుంచి గోడ దాకా గడ్డిమందు కొట్టించాడు. ఒక్క జువ్వి మొక్కను చంపడానికి ఖబరస్తాన్ మొత్తాన్ని చంపాడు. పచ్చిది పీకలేదు, ఎండబెట్టి పీకాడు. ఆ తర్వాత అగ్గి పెట్టించాడు. ముంగిసలు మా పెరట్లోంచి రోడ్డు మీదికి పరుగెత్తాయి. రెండేమో లారీల కింద పడ్డాయి.

చాచా బస్సు దిగి సంచి చేతిలో పట్టుకుని అట్లాగే గేటులోకి వచ్చాడు. తిట్టలేదు. నాకు అదే భయమేసింది. పార తెచ్చుకుని, పదడుగులకోసారి ఆగి, కర్రతో నేల మీద మూడుసార్లు కొట్టి చెవి పెట్టి వింటూ ఖబరస్తాన్ అంతా తిరిగాడు. నోటీసు అందుకునేవాళ్లెవరూ లేరు. సాయంత్రం మా గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నీ దస్కత్ సదివిచ్చుకున్న సారూ. మూడో నంబర్."

అంతే అన్నాడు. నేను ఏదో చెప్పబోయాను. ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు.

మిరుగు కార్తెకు వానలు పడ్డాయి. ఆరుద్ర పురుగు ఒక్కటి కూడా రాలేదు. మన్నును పట్టుకునే వేర్లు లేక గోరీలు వరసగా కుంగిపోయాయి. మా అమ్మీది మోకాలి లోతు దిగింది. సదర్ సాబ్ వాళ్ల అబ్బా గోరీ కింద మన్ను కొట్టుకుపోయి గ్రానైట్ పలక పక్కకు ఒరిగింది, చెయ్యి దూరేంత సందు పడింది. అప్పుడు జనానికి కోపమొచ్చింది. మసీదులో జుమ్మా రోజు పెద్ద గొడవైంది. ఇక ముందు గడ్డిమందు సీసా గేటు దాటి లోపలికి రావద్దని ఇమామ్ సాబ్ అందరి ముందు ఒట్టు వేయించాడు. సదర్ సాబ్ కూడా వేశాడు. ఆ ఒట్టు సంగతి గుర్తుంచుకోండి.

గోరీలన్నీ చాచా ఒక్కడే పూడ్చాడు. వాగు ఒడ్డు నుంచి గోనెసంచుల్లో గడ్డి పలకలు మోసుకొచ్చాడు. సదర్ సాబ్ వాళ్ల అబ్బా గోరీ కూడా పూడ్చాడు. అది నాకు నచ్చలేదు.

"ఆయనదెందుకు చాచా?"

"లోపలున్నాయన ఏం జేసిండు? కొడుకు తప్పుకు తండ్రిని పట్టేంత గలీజు కోర్టా నాది?"

మా అమ్మీ గోరీ చివరన పూడ్చాడు. నేను నీళ్లు పట్టుకుని పోతే బిందె తీసుకున్నాడు, నా మొఖం చూడలేదు. "మీ అమ్మీకి తుమ్మి పెట్టిన. నీ మొఖం జూసి గాదు" అన్నాడు. కాసేపటికి మళ్లీ ఆయనే అన్నాడు: "నీ డబ్బీ గూడ తయారైంది."

ఆ బతుకమ్మకు గునుగు లేదు. ఆడవాళ్లు గోడ దగ్గరికి వచ్చి కేకేశారు. చాచా షెడ్డులో అటు తిరిగి కూర్చున్నాడు, పలకలేదు. దసరాకు పాలపిట్ట రాలేదు. నేను రోజూ గోడ దగ్గర నిలబడేవాణ్ణి. ఏడాది దాకా ఆయన నాతో సలాముకు సలాము తప్ప మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు గానీ ఎప్పటిలా తిట్టలేదు. ఆయన తిట్లు లేకుండా పోవడం నాకు పెద్ద శిక్ష అనిపించింది.

పోయిన చలికాలం చాచా చనిపోయాడు. తన కోరిక ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. చాయ్ హోటల్లో చెప్పాడు, మసీదు మెట్ల మీద చెప్పాడు, నాకు రెండుసార్లు చెప్పాడు. "నా మీద రాయి పెట్టకుండ్రి. గడ్డి సాలు." తవ్వడానికి బయటి మనుషులను తెచ్చారు. వాళ్లు పార కర్రతో నేల కొట్టలేదు. గడ్డి చెక్కి అవతల పారేశారు. నేను చెప్తే, గడ్డికేంది సారూ మళ్లొస్తది అన్నారు.

నలభై రోజులు తిరగకముందే సదర్ సాబ్ గ్రానైట్ తెప్పించాడు. "మా చాచాకు నా తరపున" అని ఛాతీ మీద చెయ్యేసుకుని అందరి ముందు చెప్పాడు. పలక మీద చెక్కించిన తన పేరు చాచా పేరు కన్నా పెద్దది. ఎంత బాగా చేశాడండీ అని జనం మెచ్చుకున్నారు. సదర్ సాబ్ నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు నేను ఊహించుకున్నది కాదు. బతికున్నప్పుడు గెలవలేనివాణ్ణి చచ్చాక రాయి కింద తొక్కిపెట్టానన్న నవ్వు అది. ఎవరేమనుకున్నా నేను ఒప్పుకోను.

ఆ వారంలోనే చాచా భార్య, చాచీ, మా ఇంటికి వచ్చింది. కొంగులో రెండు డబ్బీలు తెచ్చింది.

"మిగిలినయన్ని నాతోనే సల్లిచ్చిండు. గీ రెండు నీకే ఇయ్యమన్నడు. 'దస్కత్ జేసింది సారే, ఇగ పని గూడ సారే జెయ్యాలె' అన్నడు. నాకేం సమజ్ కాలే బిడ్డా."

నాకు సమజైంది. చాచాకు రాయడం రాదు, అందుకని డబ్బీల్లో గుర్తులు పెట్టాడు. ఒకదానిలో విత్తనాల మధ్య సుద్దముక్క ఉంది. అది నాది. లోపల అన్నీ పల్లేరు కాయలే. ఒక్క గునుగు గింజ అయినా ఉంటుందేమోనని కాగితం మీద పోసి వెతికాను. లేదు. నన్ను ఆయన క్షమించలేదు. ఏడుపొచ్చింది, ఆ తర్వాత సరే అనుకున్నాను. రెండో డబ్బీలో గ్రానైట్ పెచ్చు ఉంది. దాన్నిండా దూలగొండి.

నేను పని మొదలుపెట్టాను. ఎండాకాలం జువ్వి పండ్లు ఏరుకొచ్చి చాచా రాతి పలకల సందుల్లో మెదిపాను. జొన్నలు చల్లాను. మూకుడులో నీళ్లు పెట్టాను. ఒకరోజు సదర్ సాబ్ అటు వచ్చి చూశాడు.

"పిట్టలకు దాణా ఏస్తున్నరా సారూ? శాన మంచి పని. సవాబ్ వస్తది" అన్నాడు.

"ఆమీన్" అన్నాను.

ఈ వానల్లో మొలక లేచింది. రెండు ఆకులు, ఆ తర్వాత నాలుగు. సరిగ్గా సదర్ సాబ్ పేరు కింద. ఒక జుమ్మా రోజు ఆయన నన్ను పిలిపించాడు. చుట్టూ పదిమంది ఉన్నారు, ఇమామ్ సాబ్ ఉన్నాడు.

"మీరు సైన్స్ సార్ గద, జర జూడుండ్రి. చిన్నగున్నప్పుడే పీకేస్తే అయిపోతది. రాయి ఖరాబైతది."

నేను చేతులు కట్టుకున్నాను. ఎంతో మర్యాదగా నిలబడ్డాను.

"పీకుండ్రి సాబ్, నాదేం బోయింది. పచ్చగున్నది పచ్చగున్నంత సేపు అల్లాను తల్సుకుంటదట. చాచాకు గా సల్లదనం అక్కర లేదంటే పీకుండ్రి. మందు కొట్టి ఎండవెట్టి తీద్దమంటే, మీరే ఒట్టేసుకున్నరు."

ఇమామ్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. జనం సదర్ సాబ్ వైపు చూశారు. ఆయన మొఖం నల్లబడింది. వేరే దారి లేక, రెండు చేతులూ ఎత్తి చాచా కోసం దువా మొదలుపెట్టాడు. నేనూ ఎత్తాను. వాళ్లంతా ఏం అడిగారో నాకు తెలియదు. నేను మాత్రం ఆ జువ్వికి లావు వేర్లు ఇవ్వమని అడిగాను.

మొన్న ఆ ఫ్లెక్సీ చూసి ఇంటికి వచ్చి, అలమారలోంచి గ్రానైట్ పెచ్చు ఉన్న డబ్బీ తీశాను. సదర్ సాబ్ ఆరోగ్యం బాగానే ఉంది, ఇంకా చాలా ఏళ్లు ఉంటాడు. ఉండనీ. పాత విత్తనం మొలుస్తుందో లేదోనని అనుమానమొచ్చి, చేతులకు గుడ్డ చుట్టుకుని వాగు ఒడ్డుకు పోయి కొత్త దూలగొండి కాయలు తెంపుకొచ్చాను. గింజలు ఒలిచి డబ్బీ నింపి మూత పెట్టాను. మోచేతుల దాకా దురద ఇంకా పోలేదు.